అరకు: వియ్యపు ఊళ్ళ నుంచి విడిది ఊరిదాకా

అరకు గురించి రాసేవాళ్ళు ఎక్కువమంది రైలుతో మొదలుపెడతారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండల్ని తొలిచి వేసిన దారి, 58 సొరంగాలు, శిమిలిగుడ స్టేషను, అక్కడినుంచి దిగితే లోయ. అంతకుముందు ఆ లోయకు ఎవరూ వచ్చిందీ లేదు, పోయిందీ లేదన్నట్టుగా సాగుతుంది కథ. అసలు ఆ రైలు అరకు కోసం వేసిందే కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాను ఉక్కు మిల్లులకు ఎగుమతి చేయడానికి 1960లలో వేసింది. అందులో మనుషులు ఎక్కడం, కిటికీలోంచి లోయలు కనబడటం, 2017లో దానికి అద్దాల పెట్టె తగిలించడం, ఇవన్నీ ఖనిజం వెనకాల వచ్చిన సంగతులు. రైలుకు ఎంతో ముందునుంచీ ఈ కొండల్లో జనం ఒక ఊరి నుంచి మరో ఊరికి అతిథులుగా నడుస్తూనే ఉన్నారు. ఆ నడకకు అన్నిటికంటే పెద్ద కారణం వియ్యం. ఇవాళ అరకులో పర్యాటకుడి ముందు పెడుతున్న వాటిలో కొండల్నీ మంచునీ పక్కన పెడితే, మిగతావన్నీ, అంటే ఆట, విందు, కల్లు, పండగ, చాలావరకు వియ్యపు ఊళ్ళ రాకపోకల్లో రూపు దిద్దుకున్నవేనని నా వాదన. పర్యాటకం వాటన్నిటినీ తీసుకుంది. తీసుకోకుండా వదిలేసింది ఒక్కటే: వచ్చినవాడి ఇంటికి మళ్ళీ తాము వెళ్ళే హక్కు.

బయటివాళ్ళు ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చారో ముందు చూడాలి. ఊటీ, డార్జిలింగ్ లాంటివి పందొమ్మిదో శతాబ్దంలోనే తెల్లదొరల వేసవి విడుదులయ్యాయి. అరకు చుట్టూ ఉన్న కొండల ఎత్తు, చలి అందుకు సరిపోతాయి. ప్రయత్నం జరగకపోలేదు. 1860 ప్రాంతంలో విశాఖపట్నంలో ఉన్న తెల్ల సిపాయిల కోసం గాలికొండ మీద ఆరోగ్య విడిది పెట్టాలని చూశారు. పైకి పంపిన కొద్దిమందికీ జ్వరాలు పట్టుకోవడంతో దాన్ని వదిలేశారు. మన్యం జ్వరమంటే మైదానం వాళ్ళకూ అంతే భయం. వ్యాపారి ఎక్కాడు, సంతలో కూర్చున్నాడు, దిగిపోయాడు. పాలన కూడా దూరం నుంచే సాగింది. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖ జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, ప్రభుత్వ ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించింది. ఏజెన్సీ అనే పేరు అలా స్థిరపడింది. అంచేత రైలు వచ్చేదాకా ఈ కొండల్లో అతిథి అంటే, నూటికి తొంభై పాళ్ళు, మరో కొండ ఊరి మనిషే.

ఆ మనిషి ఎవరింటికి ఏ హోదాలో వెళ్ళాలో గోత్రం చెబుతుంది. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, గొల్లోరి అంటే కోతి, వంతాల అంటే నాగు. ఇప్పుడు ఓటరు జాబితాల్లో ఇంటిపేర్లుగా కనబడే ఈ మాటలు ఒక్క తెగవి కావు. బగతల్లో, వాల్మీకుల్లో, కోటియాల్లో, పోర్జాల్లో ఇవే పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి. సరిహద్దు దాటి కొరాపుట్ జిల్లాలోకి వెళ్ళినా ఇవే. ఒకే గోత్రం వాళ్ళు అన్నదమ్ములు, వాళ్ళలో వాళ్ళకు పెళ్ళి కుదరదు. కొండ ఊరు చిన్నది, అందులో ఒకటి రెండు గోత్రాలదే పైచేయి, కాబట్టి పిల్ల పొరుగూరి నుంచే రావాలి. కొరాపుట్ తెగల మీద పనిచేసిన జర్మన్ మానవశాస్త్రజ్ఞుడు గెయోర్గ్ ఫెఫర్ ఈ సంగతినే పట్టుకున్నాడు. అక్కడి మనిషి దృష్టిలో లోకం రెండు భాగాలు: భాయి, బొందు. ఒకటి అన్నదమ్ముల వరస, రెండోది వియ్యపు వరస. మనుషులే కాదు, ఊళ్ళకు ఊళ్ళే ఈ రెండు గదుల్లో సర్దుకుంటాయి. దీనికి మేనరికం తోడైంది. మేనమామ కూతుర్ని చేసుకున్నవాడికి అత్తవారిల్లు కొత్త ఇల్లు కాదు, తల్లి పుట్టిల్లే. అంటే తాత నడిచిన దారిలో తండ్రి, తండ్రి నడిచిన దారిలో కొడుకు నడిచారు. తరాల తరబడి అవే రెండు మూడు ఊళ్ళ మధ్య కాళ్ళు తిరిగాయి. కొండ దారులు సంతలకూ గుళ్ళకూ వెళ్ళేవని మనం అనుకుంటాం. సంత వారానికొక రోజు. వియ్యంకుడు ఏడాది పొడవునా ఉంటాడు.

మైదానంలో అల్లుడికీ కొండ అల్లుడికీ ఉన్న తేడా ఇక్కడ కీలకం. సంక్రాంతికి గోదావరి జిల్లాల అల్లుడు అత్తవారింట కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. వంద రకాల వంటకాలు ముందు పెట్టి ఫోటోలు తీసి పత్రికలకు పంపే ఆచారం కూడా ఈమధ్య బయల్దేరింది. కట్నం పుచ్చుకున్నవాడు కాబట్టి ఆ దర్జా. కొండల్లో సొమ్ము నడిచేది ఎదురు దిక్కున. అక్కడ ఉన్నది ఓలి. పిల్లవాడి వైపు పెద్దలు కల్లు కుండో సారా కుండో పట్టుకుని పిల్ల ఇంటికి వెళతారు. ఆ ఇంటివాళ్ళు కుండ ముట్టుకుంటే మాట సాగినట్టు. ఒక్కసారితో తెగదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. తర్వాత ఓలి కింద పశువో మేకో, ధాన్యం, డబ్బు, పిల్ల తల్లికి చీర. ఇచ్చుకోలేనివాడు కొన్నేళ్ళు మామ ఇంట ఉండి పొలం పని చేసి తీర్చుకోవచ్చు. ఇద్దరూ కలిసి లేచిపోయినా కథ చివరికి అక్కడికే చేరుతుంది. కుల పెద్దలు కూర్చుంటారు, ఓలి తేలుస్తారు, విందు పెట్టిస్తారు, అప్పటినుంచి రాకపోకలు మొదలు. ఆడమనిషి మొగుణ్ణి వదిలి మరొకడితో వెళితే, ఆ రెండోవాడు మొదటివాడికి సొమ్ము కట్టాలి. అంటే కొండ అల్లుడు అత్తవారింటికి వెళ్ళేది దొరలా కాదు, బాకీదారులా. బాకీ ఉన్నవాడు రావడం మానేయలేడు. బాకీ రావలసినవాడు వచ్చినవాణ్ణి ఆదరించకుండా ఉండలేడు. వియ్యం అన్నన్ని తరాలు నిలబడటానికి ప్రేమాభిమానాల కంటే ఈ ఇచ్చిపుచ్చుకోవడమే ఎక్కువ తోడ్పడిందని నాకనిపిస్తుంది.

ఈ ఆచారాల గురించి మనకు దొరికే పాత రాతల్ని కొంచెం జాగ్రత్తగా చదవాలి. ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణాది కులాలు, తెగల గ్రంథమే అందరికీ ఆధారం. పిల్లను ఎత్తుకుపోయే పెళ్ళిళ్ళ గురించి అందులో ఉత్సాహంగా రాశారు. ఎత్తుకుపోయాక నెలల తరబడి రెండు ఊళ్ళ మధ్య నడిచే బేరసారాల మీద అంత ఆసక్తి కనబడదు. దొరకు విచిత్రమనిపించింది పుస్తకానికెక్కింది, విసుగనిపించింది ఎక్కలేదు. చరిత్రకు కావలసింది మాత్రం ఆ విసుగు భాగమే.

ఇక ఆట దగ్గరికి వద్దాం. థింసా అనగానే ఇవాళ గుర్తొచ్చేది ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని గుండ్రంగా కదిలే ఆడవాళ్ళ వరస, పక్కన మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు వాయించే మగవాళ్ళు. చైత్రంలోనూ పెళ్ళిళ్ళలోనూ ఆడతారు. దీనికున్న మరో ముఖం పర్యాటక కరపత్రాల్లో అంతగా కనబడదు. పండగ రోజుల్లో ఒక ఊరి ఆటగాళ్ళు మరో ఊరికి వెళతారు. అక్కడ సామూహిక విందు, దానితోపాటు ఆట. దీన్ని సంకిడి కెల్బార్ అంటారు. ఇందులో ఒక ఊరి ఆడవాళ్ళు మరో ఊరి మగవాళ్ళతో ఆడతారు. గోత్రం వేరైన ఊరి పిల్లలు ఒకరినొకరు చూసుకునేందుకు, పెద్దలు పక్కన కూర్చుని చూసీ చూడనట్టు ఉండేందుకు ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది? అందుకే థింసాను వినోదం అనడం సగం మాటే. అది పెళ్ళి సంబంధాల వ్యవస్థలో ఒక అంగం. ఈ ఏడు ఆ ఊరికి వెళ్ళి తిన్నవాళ్ళు వచ్చే ఏడు వాళ్ళను పిలిచి పెట్టాలి. చైత్రంలోనే వచ్చే ఇటుకల పండగలో మగవాళ్ళు వేటకు వెళతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేస్తారు. ఇంటికి చుట్టాలొచ్చి ఉన్నప్పుడు వేట దక్కకపోవడం ఎంత పరువు తక్కువో ఆ పేడనీళ్ళే చెబుతాయి.

రాకపోకల బలం తెలియాలంటే వాటికి అడ్డుపడిన వాటిని చూడాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. జయపురం జమీందారీ అటు పోయింది, విశాఖ ఏజెన్సీలో మిగతాది మద్రాసు వైపు మిగిలింది. గీత గీసినవాళ్ళు భాషనూ జమీందారీ లెక్కల్నీ చూశారు కానీ ఏ ఊరి పిల్లను ఏ ఊరికిచ్చారో చూడలేదు, చూసే పనీ వాళ్ళది కాదు. అలా చాలామంది వియ్యంకులు పరాయి రాష్ట్రం వాళ్ళయిపోయారు. అయినా ముంచింగిపుట్టు వైపు ఊళ్ళకూ కొరాపుట్ ఊళ్ళకూ పెళ్ళిళ్ళు ఆగలేదు. సాలూరు పైన ఉన్న కొటియా గ్రామాల సంగతి ఇంకా వింత. ఆ 21 ఊళ్ళు ఎవరివన్న వ్యాజ్యం 1968లో సుప్రీంకోర్టుకెక్కి 2006 దాకా నడిచి, తేలకుండానే ముగిసింది. రెండు ప్రభుత్వాలూ అక్కడ ఓట్లు వేయించుకుంటాయి, రెండూ పథకాలు ఇస్తాయి. ఆ ఊళ్ళవాళ్ళకు రెండు రాష్ట్రాలతోనూ పనిపడటం, రెండింటి నుంచీ పుచ్చుకోవడం కుయుక్తి అని కొందరు అధికారులకు తోచవచ్చు. ఇరువైపులా చుట్టరికం ఉన్నవాళ్ళకు అది మామూలు బతుకు. సంతల్లోనూ ఇదే జరుగుతుంది. శుక్రవారం అరకు సంతకు వచ్చేవాళ్ళలో అమ్మేది పిడికెడు, కొనేది పిడికెడు అయినవాళ్ళు కనబడితే ఆర్థికవేత్త తికమకపడతాడు. పై ఊరికిచ్చిన కూతుర్ని వారానికోసారి చూడ్డానికి తల్లికి దొరికే చోటు అదే.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. ఓలినీ వియ్యాన్నీ ఇంత అందంగా చెప్పడం తప్పు, ఆ ఓలి కోసమే కదా మనుషులు గోతీలుగా మారింది అని. మాట నిజం. పెళ్ళి ఖర్చుకు షావుకారు దగ్గర అప్పు చేసి, తీర్చలేక, ఏళ్ళ తరబడి వాడి పొలంలో కట్టుబానిసగా పనిచేయడమే గోతి. ఒడియా నవలాకారుడు గోపీనాథ్ మహంతి 1945లో రాసిన 'పరజా' కొరాపుట్ కొండల్లో ఈ గోతి మింగేసిన ఒక కుటుంబం కథే. మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీలో రుణ దాస్యాన్ని రద్దు చేస్తూ ప్రత్యేకంగా నిబంధన తేవలసి వచ్చిందంటే సమస్య ఎంత ముదిరిందో ఊహించవచ్చు. దీనికి ఒక జవాబుంది. ఓలి ధాన్యంలోనూ పశువుల్లోనూ ఒంటి చాకిరీలోనూ తీరినంతకాలం బాకీ రెండు ఇళ్ళ మధ్యే ఉంది. నగదు అడుగుపెట్టాక మూడోవాడు, వడ్డీ వ్యాపారి, మధ్యలోకొచ్చాడు. అల్లుడు మామకు పడిన బాకీని చుట్టరికం మోసింది. షావుకారుకు పడిన బాకీని ఏ చుట్టరికమూ మోయలేదు. కానీ ఈ జవాబు అభ్యంతరం మొత్తానికి సరిపోదు. వచ్చిన చుట్టాలకు సోళ్ళు దంచి, అంబలి కాచి, నీళ్ళు మోసి పెట్టింది ఎవరు? ఆ ఇంటి కోడళ్ళే. ఎంత ఓలికి ఒప్పుకోవాలో తేల్చిన పెద్దల్లో ఆమెకు చోటు లేదు. పాత వ్యవస్థ సమానమైనదని నేననను. దానిలో ఇచ్చినవాడికి మళ్ళీ పుచ్చుకునే వంతు వచ్చేదని మాత్రమే అంటాను.

ఆ వంతు పోయింది ఎప్పుడంటే, అరకు విడిది ఊరుగా మారినప్పుడు. మార్పు ఒక్కసారిగా రాలేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి పెట్టిన తోట తర్వాత పద్మాపురం ఉద్యానవనం అయింది. రైలు వచ్చింది. పర్యాటక సంస్థ అతిథి గృహాలు వెలిశాయి. 1996లో గిరిజన మ్యూజియం పెట్టారు. శీతాకాలంలో వలిసెలు పూసి లోయ పసుపుబారితే జనం కార్లు ఆపి పొలాల్లో దిగుతారు. పైరు తొక్కినందుకు రైతు కొద్దిగా డబ్బు అడుగుతాడు. సాయంత్రం రిసార్టు పచ్చిక మీద థింసా. పెనవేసుకున్న చేతులు అవే, మోరి అదే, కానీ ఎదురుగా ఉండాల్సిన పక్క ఊరి మగవాళ్ళు లేరు. వాళ్ళ స్థానంలో కుర్చీలున్నాయి. ఆటలో చేతులు కలపమని అతిథిని లాగుతారు, ఆయన నాలుగడుగులు వేసి ఫోటో తీయించుకుంటాడు. సంకిడి కెల్బార్‌లో అలా చేయి కలిపినవాడికి వచ్చే ఏడు విందు పెట్టే పూచీ ఉండేది. ఇతనికి గది అద్దెతో సరి. అరకు కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణం దాకా వెళ్ళింది, 2019లో భౌగోళిక గుర్తింపూ దక్కింది. గింజ వెళ్ళినంత దూరం గింజ పండించినవాడు అతిథిగా వెళ్ళే రోజు ఇంకా రాలేదు.

అన్నిటికంటే విడ్డూరం భూమి దగ్గర జరిగింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ 1959లో ఒకటో నిబంధన తెచ్చింది. దానికి 1970లో చేసిన సవరణే ఏజెన్సీలో చదువురానివాడి నోట కూడా పలికే 1/70. గిరిజనేతరుడు అక్కడ గిరిజనుడి నుంచే కాదు, మరో గిరిజనేతరుడి నుంచి కూడా భూమి కొనకూడదు. అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద వచ్చిన సమతా కేసులో 1997 జులైలో సుప్రీంకోర్టు ఇంకో మెట్టెక్కింది: ప్రభుత్వం సైతం అక్కడి భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదంది. ఇంత పకడ్బందీ గోడకు ఒక కన్నం ఉంది, అది పెళ్ళి. గిరిజన మహిళను పెళ్ళాడి, లేదా పెళ్ళాడానని చెప్పి, ఆమె పేరున స్థలం రాయించి కట్టడాలు లేపడం ఏజెన్సీలో అందరికీ తెలిసిన కిటుకు. కొండల్లోకి బయటివాడు రావడానికి పాతకాలంలో ఉన్న తలుపు వియ్యమే, ఈ కొత్త అల్లుడు వెతుక్కున్నదీ అదే తలుపు. తేడా ఎక్కడంటే, పాత అల్లుడు ఓలి ఇచ్చుకుని, చాకిరీ చేసి, బాకీపడి లోపలికొచ్చాడు. కొత్తవాడు మామగారి ఊరి భూమినే రాయించుకుని బయటపడుతున్నాడు. ప్రేమించి పెళ్ళాడి కొండల్లోనే కాపురం ఉంటున్న జంటల్ని ఈ లెక్కలో వేయడం అన్యాయం. అయితే ఒక వ్యవస్థను అర్థం చేసుకోవడానికి దాన్ని మోసగాళ్ళు ఎక్కడ నుంచి చొరబడ్డారో చూడటమంత మంచి దారి లేదు. వియ్యానికి ఇంకా విలువ ఉందని ఆ మోసమే సాక్ష్యమిస్తోంది.

ఆడి డబ్బు సంపాదించుకుంటే తప్పేమిటి, అడవిలో కూలికంటే రిసార్టులో ఆట మేలు కదా అనేవాళ్ళకు నా దగ్గర ఎదురుమాట లేదు. థింసా బృందాల్లోని ఆడవాళ్ళకు ఆ డబ్బు అవసరం, ఆ ఆట వాళ్ళదే, దాన్ని అమ్ముకునే హక్కూ వాళ్ళదే. ఆచారం చెడిపోయిందని మైదానంలో కూర్చుని వాపోవడం మనకు సులువు. నా అభ్యంతరం అమ్మకం మీద కాదు, ధర ఎవరు కడుతున్నారన్న దాని మీద. విడిది ఊళ్ళో అతిథి ఏమివ్వాలో యజమాని నిర్ణయిస్తాడు, ఆ యజమాని చాలాచోట్ల కొండవాడు కాడు. వియ్యపు ఊళ్ళో అతిథి ఏమివ్వాలో ఆ ఊరే చెప్పేది. ఆ పాత పద్ధతి రోడ్డు మీద ఇప్పటికీ ఒకచోట కనబడుతుంది. ఇటుకల పండగ రోజుల్లో అరకు, పాడేరు దారుల్లో ఆడవాళ్ళు వెదురు గెడ అడ్డం పెట్టి, పాటలు పాడుతూ, వచ్చే బస్సునూ కారునూ ఆపుతారు. పండగ మామూలు ఇస్తేనే గెడ లేస్తుంది. ఇది దౌర్జన్యపు వసూలని పర్యాటకులు కొందరు విసుక్కుంటారు, పోలీసులకు చెప్పాలంటారు. ఆ విసుక్కునేవాళ్ళు కూడా తమ ఇళ్ళల్లో పెళ్ళయి వచ్చిన అన్నావదినల్ని ఆడపడుచు గుమ్మం దగ్గర నిలబెట్టి, అడిగింది చేతిలో పెట్టేదాకా లోపలికి రానివ్వకపోవడం చూసే ఉంటారు. అప్పుడు ఎవరూ పోలీసుల్ని పిలవలేదు.